సంచిలో మూడు రోజులు
ఆపద వచ్చాక సాయం చేరేలోపు మనిషిని నిలబెట్టేది భుజానికి వేలాడే సంచే. అందులో ఏముందన్నదే ప్రశ్న

2005 జులై 26 మధ్యాహ్నం దక్షిణ ముంబైలో ఆఫీసుల నుంచి బయల్దేరిన వాళ్లకు అది మామూలు వానలాగే కనిపించింది. కొలాబాలో ఆ రోజు కురిసింది 73 మిల్లీమీటర్లే. శాంతాక్రజ్‌లో మాత్రం 24 గంటల్లో 944 మిల్లీమీటర్లు పడింది. ఒకే నగరంలో ఒక కొసన ఉన్నవాళ్లకు రెండో కొస మునిగిపోతోందని తెలియదు. లోకల్ రైళ్లు దారిలోనే ఆగిపోయాయి. సెల్‌ఫోన్లు మూగబోయాయి. లక్షలాది మంది నడుములోతు నీళ్లలో, పట్టాల వెంట, చీకట్లో ఇళ్లకు నడిచారు. కార్ల అద్దాలు తెరుచుకోక ఊపిరాడక చనిపోయినవాళ్లున్నారు. మహారాష్ట్రలో ఆ వానలకు బలైనవారు వెయ్యిమందికి పైనే.

ఆ నడిచినవాళ్లలో దాదాపు ప్రతి ఒక్కరి భుజానికీ ఒక సంచి ఉంది. ముంబైలో సంచి లేకుండా ఎవరూ ఆఫీసుకు వెళ్లరు. అందులో ఖాళీ టిఫిన్ డబ్బా, గొడుగు, తడిసిన పేపరు, రైలు పాసు ఉంటాయి. అంత బరువు మోసుకుంటూ నడిచిన మనిషికి ఆ రాత్రి కావలసిన టార్చి, మంచినీళ్లు, తినడానికి గుప్పెడు ఏదైనా, ఇంటివాళ్ల నంబరు రాసిన చీటీ మాత్రం చాలామంది సంచుల్లో లేవు. ఉండాలని వాళ్లకు ఎవరూ చెప్పలేదు కూడా.

చెప్పే దేశాలున్నాయి. భూకంపాలకు అలవాటుపడ్డ జపాన్‌లో ఇంటి గుమ్మం దగ్గర అత్యవసర సంచి ఉంచుకోవడం బడి పిల్లలకు కూడా తెలిసిన సంగతి. అంత దూరం పోనవసరం లేదు. పక్కనున్న నేపాల్‌లో దీనికి చక్కని పేరే ఉంది: ఝట్‌పట్ ఝోలా. చటుక్కున అందుకుని పరుగెత్తే సంచి అని అర్థం. ఆ ఝోలా మనకు కొత్తేమీ కాదు, తెలుగులో జోలె అన్నా అదే. 2015 ఏప్రిల్ 25న, శనివారం మిట్టమధ్యాహ్నం, నేపాల్‌ను 7.8 తీవ్రతతో భూకంపం కుదిపింది. దాదాపు తొమ్మిది వేలమంది చనిపోయారు. బతికినవాళ్లు ఇల్లు నిలబడి ఉన్నా లోపలికి అడుగుపెట్టలేకపోయారు. ప్రకంపనలు ఆగలేదు. మే 12న మళ్లీ 7.3 తీవ్రతతో భూమి కంపించింది. మందులు, దుప్పట్లు, కాగితాలు అన్నీ పది అడుగుల దూరంలో, బీరువాలోనే ఉన్నాయి. తెచ్చుకునే ధైర్యమే ఎవరికీ లేదు. సంచి గుమ్మం దగ్గరే ఎందుకుండాలో ఆ పది అడుగులు చెబుతాయి.

భారత్‌లోనూ జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ ప్రతి ఇంట్లో అత్యవసర కిట్ ఉంచుకోమని సలహా ఇస్తూనే ఉంది. 2005 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన విపత్తు నిర్వహణ చట్టంతో ఆ సంస్థకు చట్టబద్ధత వచ్చింది. కానీ సలహా కరపత్రం దాటి ఇంట్లోకి రాలేదు. మధ్యతరగతి ఇంట్లో అలాంటి సంచి సర్దితే చాదస్తమంటారు. మంచి జరగాలని కోరుకోకుండా కీడు తలుస్తున్నాడంటారు. ప్రయాణానికి పులిహోర, పచ్చడి, చెంబుతో సహా వారం ముందే సర్దుకునే ఇళ్లే ఆపదకు మాత్రం ఒక అగ్గిపెట్టె కూడా విడిగా పెట్టుకోవు.

సాయం అందడానికి మూడు రోజులు పట్టవచ్చన్న లెక్కతోనే ప్రపంచంలో చాలాచోట్ల ఇలాంటి సంచులు సర్దుతారు. 72 గంటల లెక్క అంటారు. ఇందులో రెండు రకాలున్నాయి. ఇంట్లో తలుపు వెనక ఉండే పెద్ద సంచి కుటుంబానికి. రోజూ భుజాన వేసుకెళ్లే చిన్న సంచి మనిషికి. ఆపద ఇంటికే రావాలని లేదు కనుక రెండోదే ఎక్కువసార్లు అక్కరకొస్తుంది. అందులో మూడు రోజుల సరుకు పట్టదు. ఇంటికో, క్షేమంగా ఉండే చోటికో చేర్చగలిగితే చాలు.

మొదటి అవసరం నీళ్లు. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతాన్ని ముంచెత్తినప్పుడు చుట్టూ నీళ్లే. తాగడానికి మాత్రం చుక్క లేదు. పై అంతస్తుల్లో చిక్కుకున్నవాళ్లకు పడవలు వెళ్లలేని సందుల్లోకి డ్రోన్లతో ఆహారం, నీళ్ల సీసాలు పంపాల్సి వచ్చింది. లీటరు నీళ్లు కిలో బరువు. కాబట్టి రోజూ మోసే సంచిలో ఒక సీసాకు మించి పట్టదు. దానికి తోడుగా ఉండాల్సింది క్లోరిన్ బిళ్లల అట్ట. గ్రాముల్లో బరువు, కొద్ది రూపాయల ఖరీదు. ఎన్ని లీటర్లకు ఒక బిళ్లో అట్ట మీదే రాసి ఉంటుంది. అది చూడకుండా వేస్తే ప్రయోజనం లేదు. బురద నీళ్లయితే ముందు గుడ్డతో వడగట్టాలి, బిళ్ల వేశాక అరగంట ఆగాలి. వడగట్టడానికి వేరే సరంజామా అక్కర్లేదు, భుజం మీద తువ్వాలు చాలు. అదే తువ్వాలు గాయానికి కట్టు, విరిగిన చేతికి ఊత, పొగలో ముక్కుకు అడ్డం, ఎండలో తలపాగా. సంచిలో ఒకే ఒక్క వస్తువుకు చోటుంటే పల్లెటూరి రైతు ఏది ఎంచుకుంటాడో వేరే చెప్పనక్కర్లేదు.

నీళ్ల పక్కనే ఓఆర్ఎస్ పొట్లం ఉండాలి. ఈ పొట్లానికీ ఈ ప్రాంతపు ఆపదకూ చుట్టరికం ఉంది. 1971లో తూర్పు పాకిస్థాన్ నుంచి శరణార్థులు పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్‌కు పోటెత్తారు. శిబిరాల్లో కలరా వ్యాపించింది. సెలైన్ సీసాలు నిండుకున్నాయి. డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీటిని డ్రమ్ముల్లో నింపి తాగించారు. 30 శాతం దాకా ఉన్న మరణాలు 3 శాతం చుట్టుపక్కలకు దిగాయి. 2022లో ఆయన కన్నుమూశారు. మరుసటి ఏడాది పద్మవిభూషణ్ ప్రకటించారు. పొట్లం కొనేటప్పుడు మాత్రం కళ్లు తెరిచి కొనాలి. ఓఆర్ఎస్ పేరు తగిలించుకుని అమ్ముడయ్యే తియ్యటి పానీయాల మీద హైదరాబాద్‌కు చెందిన పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. చివరికి 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఆ పేరు వాడకాన్ని నిషేధిస్తూ ఉత్తర్వులిచ్చింది. పొట్లం దొరకకపోయినా దారి ఉంది. లీటరు మంచినీటిలో తలకొట్టిన ఆరు చెంచాల పంచదార, అరచెంచా ఉప్పు. రెండూ టీ చెంచాలే. ఉప్పు ఎక్కువైతే మేలుకు బదులు కీడు.

తిండి విషయంలో విదేశీ కిట్లలోని బిస్కెట్లు, డబ్బా ఆహారం వెతుక్కోనక్కర్లేదు. బంగ్లాదేశ్ తీరంలో తుపాను హెచ్చరిక రాగానే జనం మూటగట్టుకునేవి అటుకులు, మరమరాలు, బెల్లం. పొయ్యి అక్కర్లేదు, పాడవవు, పిల్లలూ ముసలివాళ్లూ తినగలరు. తెలుగు ఇళ్లలో వీటికి వేరుశనగ ఉండలు, వేయించిన శనగలు జోడించుకోవచ్చు. అటుకులకు మాత్రం మంచినీళ్లు కావాలి. నీళ్లు తక్కువుంటే శనగలు, బెల్లం నయం. ఉప్పూకారం దట్టించిన చిరుతిళ్లు దాహాన్ని పెంచుతాయి.

వెలుగు సంగతికొస్తే, సెల్‌ఫోన్‌లో లైటు ఉందిగా అనేదే అందరి ధీమా. కానీ ఆ లైటు తినేది ఆఖరి ఫోన్ కాల్‌కు కావలసిన చార్జినే. వేలెడంత టార్చి, రెండు బ్యాటరీలు విడిగా ఉంటే ఫోన్ మాట్లాడటానికి మిగులుతుంది. బ్యాటరీలను టార్చిలోనే వదిలేస్తే కొన్నాళ్లకు కారి దాన్నీ పాడుచేస్తాయి. పవర్ బ్యాంకు ఉన్నా నెలకోసారి చార్జి చేయకపోతే అది వట్టి ఇటుకే. ఇక ఈల. పది రూపాయల ప్లాస్టిక్ ఈలను చూసి నవ్వొచ్చుగానీ, శిథిలాల కిందో వరదనీటి మధ్యో చిక్కుకున్న మనిషి గొంతు అరిచి అరిచి ఆరిపోతుంది. ఈల ఊదడానికి అంత శక్తి అక్కర్లేదు, గొంతు కంటే దూరం వినిపిస్తుంది. మూడుసార్లు ఊది, ఆగి, మళ్లీ మూడుసార్లు ఊదితే సాయం కోసమని వెతికేవాళ్లకు అర్థమవుతుంది. ఈల సంచి అడుగున కాదు, పట్టీకి కట్టి ఉండాలి.

సంచిలో ఇవాళ అందరూ మర్చిపోతున్న వస్తువు ఇంకొకటుంది. నోట్లు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని ఊడ్చేసింది. స్తంభాలు కూలాయి, టవర్లు పడిపోయాయి, రోజుల తరబడి కరెంటు లేదు. ఏటీఎంలు పనిచేయలేదు. పాల ప్యాకెట్టు, నీళ్ల క్యాను అసలు ధరకు ఎన్నో రెట్లు పలికాయి. చేతిలో డబ్బున్నవాడే కొనగలిగాడు. అప్పటికి యూపీఐ పుట్టనే లేదు. అది వచ్చింది 2016లో. అంటే నాడు ఏటీఎం మూతపడితేనే అంత అల్లాడిన నగరాలు ఇవాళ టీకొట్టు దగ్గర కూడా ఫోన్ మీదే ఆధారపడ్డాయి. టవర్ కూలిన రోజున గోడకు అంటించిన క్యూఆర్ కోడ్ ఒట్టి బొమ్మ. అందుకే ఐదొందల నోటు కాదు, పది, ఇరవై, యాభై, వంద నోట్లు కొన్ని సంచి లోపలి అరలో ఉండాలి. చిల్లర ఇవ్వలేనంటూ దుకాణదారు చేతులెత్తేసే రోజున పెద్ద నోటు ఉన్నా లేనట్టే.

నోట్ల కంటే విలువైనవి కాగితాలు. 2015 డిసెంబరులో చెన్నైలో అడయార్ పొంగి ఇళ్లు మునిగినప్పుడు మార్కుల సర్టిఫికెట్లు, ఆస్తి పత్రాలు, రేషన్ కార్డులు బురదైపోయాయి. వాటిని మళ్లీ ఇవ్వడానికి ప్రభుత్వం ప్రత్యేక శిబిరాలు పెట్టాల్సి వచ్చింది. 2018 కేరళ వరదల తర్వాతా అదే పని. అస్సాంలో ఇది ఇంకా పదునైన ప్రశ్న. 2019 జులైలో బ్రహ్మపుత్ర వరద ముంచెత్తిన సమయానికి అక్కడ జాతీయ పౌర పట్టిక తుది జాబితా తయారవుతోంది. ఇల్లు మునుగుతున్నా జనం ముందుగా తీసింది బియ్యం కాదు, బట్టలు కాదు, ప్లాస్టిక్ కవర్లో చుట్టిన పత్రాలు. తాత పేరున్న పాత ఓటర్ల జాబితా నకలు, భూమి పట్టా. అవి తడిస్తే ఇల్లే కాదు, దేశం కూడా పోతుందన్న భయం వాళ్లది. ఆగస్టు 31న వెలువడిన జాబితాలో 19 లక్షల మందికి పైగా పేర్లు లేవు. కాగితం ఎంత బరువైందో ఆ చర్లలో ఉండేవాళ్లను అడగాలి.

రోజువారీ సంచిలో అసలు పత్రాలు మోయడం తెలివైన పని కాదు. జిరాక్సులు చాలు. గాలి చొరని ప్లాస్టిక్ కవర్లో ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పాసుపుస్తకం మొదటి పేజీ, డాక్టర్ రాసిన మందుల చీటీ. డిజిలాకర్‌లో దాచుకున్నా మంచిదే గానీ అది తెరుచుకోవాలంటే చార్జి, సిగ్నల్ రెండూ కావాలి. బీపీ, షుగర్ బిళ్లలు వాడేవాళ్లు మూడు రోజులకు సరిపడా విడిగా పెట్టుకోవాలి. ఉబ్బసం ఉన్నవాళ్లకు ఇన్‌హేలర్. ఇన్సులిన్ తీసుకునేవాళ్లు ఎండలో ఎంతసేపు నిల్వ ఉంచవచ్చో డాక్టర్‌ను ముందే అడిగి ఉంచుకోవాలి. ప్రథమ చికిత్సకు దూది, కట్టుగుడ్డ, అంటుపట్టీ, పారాసెటమాల్, యాంటీసెప్టిక్ ఆయింట్‌మెంట్ చాలు. వాడటం తెలియని మందుల దుకాణం మోసుకెళ్లి లాభం లేదు.

ఇక ఒక చిన్న చీటీ. దాని బరువు లెక్కకే రాదు. 2023 జూన్ 2న ఒడిశాలోని బాలాసోర్ దగ్గర షాలిమార్ నుంచి చెన్నై వెళ్తున్న కోరమండల్ ఎక్స్‌ప్రెస్ ప్రమాదానికి గురైంది. 290 మందికి పైగా చనిపోయారు. జనరల్ బోగీల్లో కిక్కిరిసిన కూలీల పేర్లు ఏ రిజర్వేషన్ జాబితాలోనూ లేవు. ఎవరు ఎవరో తేల్చడానికి డీఎన్ఏ పరీక్షలు చేయాల్సి వచ్చింది. నెలల తరబడి ఆస్పత్రిలో ఉంచినా ఎవరివో తేలని 28 మృతదేహాలకు ఆ అక్టోబరులో భువనేశ్వర్‌లో అంత్యక్రియలు జరిపించారు. వాళ్లలో ప్రతి ఒక్కరికీ ఎక్కడో ఒక ఇల్లుంది. పేరు, ఊరు, రక్తం గ్రూపు, ఇంట్లో ఇద్దరి ఫోన్ నంబర్లు చెరిగిపోని సిరాతో రాసి ఒక ప్రతి సంచిలో, మరొకటి జేబులో ఉంచుకోవడం చావును తలచుకోవడం కాదు. స్పృహ తప్పినవాడి తరఫున మాట్లాడేది ఆ చీటీయే. పైగా ఫోన్ పోయిననాడు సొంత భార్య నంబరు, సొంత తమ్ముడి నంబరు నోటికి వచ్చేవాళ్లు ఎందరు?

ఆపద అంటే వరద, భూకంపమే కాదని ఆడవాళ్లకు ఎవరూ చెప్పనవసరం లేదు. వాళ్ల సంచి ఎప్పుడూ అత్యవసర సంచే. పక్కపిన్నీసు, శానిటరీ న్యాప్‌కిన్లు, మరో జాకెట్టో చున్నీయో, పిల్లల కోసం బిస్కెట్ల ప్యాకెట్టు, చిల్లర. సర్కారు కిట్ల జాబితాల్లో న్యాప్‌కిన్లు చోటు చేసుకోవడానికి చాలా కాలం పట్టింది. 2019 డిసెంబరులో హైదరాబాద్ మెట్రో ఆడవాళ్లను పెప్పర్ స్ప్రే వెంట ఉంచుకోనిచ్చింది. అందుకు దారి తీసింది నగర శివార్లలో జరిగిన ఒక దారుణం. స్ప్రే డబ్బా భద్రతకు సాయపడవచ్చు. కానీ వీధిలైటుకు, గస్తీకి అది బదులు కాదు.

సంచిలో ఏమి ఉండకూడదన్నదీ ముఖ్యమే. సినిమాలు, విదేశీ వీడియోలు చూసి పెద్ద కత్తి, గొడ్డలి, గేలాలు, చెకుముకి రాళ్లు సర్దేవాళ్లు పెరిగారు. అడవిలో తప్పిపోయేవాడికి పనికొచ్చే సామాను బస్టాండులో చిక్కుకున్నవాడికి బరువు. కత్తి మెట్రో, విమానాశ్రయ తనిఖీల్లో అక్కడే ఆగిపోతుంది. పవర్ బ్యాంకును విమానంలో చేతిసంచిలోనే తీసుకెళ్లాలి, లగేజీలో వేయకూడదు. బరువుకొక కొలత 2020 నాటి కేంద్ర విధానమే చెప్పింది: బడిపిల్లల సంచి వాళ్ల బరువులో పదోవంతు మించకూడదు. పెద్దలకు రోజూ మోసే సంచి రెండు కిలోలు దాటితే వారం తిరక్కుండానే అది ఇంట్లో కొక్కేనికి చేరుతుంది. ఇంట్లో వేలాడే సంచి లోకల్ రైల్లో ఉన్నవాడికి అక్కరకు రాదు.

అసలు చర్చ ఇక్కడ మొదలవుతుంది. పౌరుడు సంచి సర్దుకుంటే సర్కారు చేతులు దులుపుకోవచ్చా? ఒడిశా అనుభవం కాదనే చెబుతుంది. 1999 అక్టోబరు 29 నాటి మహా తుపానులో అక్కడ అధికారిక లెక్కల ప్రకారమే దాదాపు పదివేల మంది చనిపోయారు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ అదే తీరాన్ని తాకినప్పుడు మృతులు యాభైలోపే. మధ్యలో మారింది జనం సంచులు కాదు. విపత్తు నిర్వహణకు ప్రత్యేక సంస్థ, తుపాను షెల్టర్లు, ముందస్తు హెచ్చరిక, దాదాపు పది లక్షల మందిని ముందే తరలించిన యంత్రాంగం. 1970 భోలా తుపానులో లక్షల ప్రాణాలు పోగొట్టుకున్న బంగ్లాదేశ్ కూడా మెగాఫోన్లు పట్టుకుని సైకిళ్ల మీద తిరిగే వాలంటీర్ల దళాన్ని తయారుచేసుకునే గట్టెక్కింది. సంచి ఆ వ్యవస్థకు తోడు. ముందే హెచ్చరిక వచ్చినా, మూట కట్టుకునేదాకా ఇల్లు వదలననే మనిషి తరలింపును ఆలస్యం చేస్తాడు. సంచి సిద్ధంగా ఉన్నవాడు మొదటి బస్సు ఎక్కుతాడు.

మరోవైపు, సంచి ఎంత బాగా సర్దినా ఆదుకోలేని రోజులూ ఉంటాయి. 2020 మార్చి 24 రాత్రి ఎనిమిదింటికి లాక్‌డౌన్ ప్రకటించారు. అర్ధరాత్రి నుంచి అమలు. నాలుగు గంటల వ్యవధి. ఆ తర్వాతి వారాల్లో జాతీయ రహదారుల వెంట నడిచిన వలస కూలీల భుజాలకూ సంచులున్నాయి. వాళ్ల దగ్గర నీళ్ల సీసా ఉంది, అటుకులున్నాయి, ఇంటి నంబరు నోటికి వచ్చు. బతకడానికి కావలసినవి సర్దుకోవడంలో వాళ్లను మించినవాళ్లు లేరు. వాళ్లకు లేనివి బస్సు, కూలి, ముందే చెప్పే ప్రభుత్వం. ఆ మూడూ ఏ సంచిలోనూ పట్టవు.

అందుకే సంచిని సర్కారుకు బదులుగా కాక, సర్కారు వచ్చేదాకా ఆసరాగా చూడాలి. వచ్చాక దాన్ని నిలదీయడానికీ మనిషి ముందు బతికి ఉండాలి. 112 అత్యవసర నంబరు, జిల్లా విపత్తు కంట్రోల్ రూమ్ 1077 ఆ చీటీ వెనకవైపు రాసుకోవడానికి ఖర్చేమీ లేదు.

మిగిలింది మరుపు. సర్దిన సంచి మూలన పడి ఏళ్లు గడిస్తే బిళ్లల గడువు తీరుతుంది, బ్యాటరీలు కారతాయి, పిల్లలకు పెట్టిన చొక్కా పొట్టిదవుతుంది. తెలుగు ఇళ్లకు దీనికి వేరే క్యాలెండర్ అక్కర్లేదు. మృగశిర కార్తెకు, వానలు దిగేముందు ఒకసారి. భోగికి పాతవి తీసి పారేసేటప్పుడు మరోసారి. అటుకులు, శనగలు తీసి తినేసి కొత్తవి పోయాలి. చీటీలో ఫోన్ నంబరు మారిందేమో చూడాలి. ఇంట్లో చిన్నవాడి చేత ఈల ఒకసారి ఊదించాలి. ఎక్కడుందో వాడికి తెలియాలిగదా.